రోజుకు నాలుగు గంటల ప్రయాణం, పాత జీతంలో 60 శాతం, 11 నెలల కాంట్రాక్ట్. ఒప్పుకోవాలా వద్దా?

రేపటి_సంగతి
ఏడు నెలలుగా ఖాళీగా ఉన్నాను. అంతకు ముందు ఆరేళ్ళు ఒకే చోట రిపోర్టింగ్ టీంలో పనిచేశాను, ఒకరోజు మీటింగ్ అని పిలిచి టీం మొత్తాన్నీ తీసేశారు. ఎన్ని అప్లికేషన్లు పెట్టానో లెక్కపెట్టడం మానేశాను. మొన్న ఒక ఆఫర్ వచ్చింది. 11 నెలల కాంట్రాక్ట్, మధ్యలో ఒక ఏజెన్సీ, పాత జీతంలో 60 శాతం. సెలవు పెడితే ఆ రోజు డబ్బులు రావు. ఇదంతా ఒక ఎత్తు, ఆఫీసు ఉన్న చోటు ఒక ఎత్తు. ఇంటి నుంచి స్టేషన్‌కి పావుగంట నడక, లోకల్ ట్రైన్‌లో గంట, దిగాక బస్సు. మ్యాప్ గంటా నలభై నిమిషాలు అంటోంది, రెండు గంటలు అనుకోవడమే మంచిది. వారంలో ఐదు రోజులూ రావాల్సిందేనట. శుక్రవారం లోపు చెప్పాలి. ఇంట్లో "ముందు చేరు, తర్వాత చూద్దాం" అంటున్నారు. నాకేమో కడుపులో తిప్పుతోంది. ఇలాంటిది ఒప్పుకుని బాగుపడ్డవాళ్ళు గానీ బోల్తాపడ్డవాళ్ళు గానీ ఉంటే కాస్త చెప్పండి.

ఖాళీ_పర్సు
కళ్ళు మూసుకుని చేరిపో బ్రో. ఏడు నెలలు ఏడాది అయితే ఆ 60 కూడా ఎవడూ ఇవ్వడు.

జీతం_రాయుడు
వద్దు. ఒకసారి కిందకి దిగితే తర్వాత ప్రతివాడూ "ఇప్పుడు ఎంత వస్తోంది" అని అడిగి, దాని మీద పదో పరకో వేసి ఇస్తాడు. నేను ఆ గోతిలోంచి పైకి రావడానికి మూడు ఉద్యోగాలు మారాల్సి వచ్చింది.

లెక్కల_పంతులు
నెల జీతం చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకండి బాబూ, గంటకు ఎంత పడుతుందో చూడండి. పాత ఉద్యోగంలో ఆఫీసులో 9 గంటలు, రానూపోనూ ఒక గంట అనుకుందాం. మొత్తం 10. పాత జీతం రోజుకు 100 పాళ్ళు అనుకుంటే, గంటకు 10. ఇప్పుడు ఆఫీసు 9, ప్రయాణం 4, మొత్తం 13 గంటలు. వచ్చేది 60. టికెట్లకీ బస్సులకీ అందులో పదో వంతు పోయిందనుకో, మిగిలేది 54. పదమూడుతో భాగిస్తే గంటకు 4 చిల్లర. అంటే జీతం 40 శాతం తగ్గిందని నువ్వు అనుకుంటున్నావు, నిజానికి దాదాపు 60 శాతం తగ్గింది.

ఇంకో లెక్క. నెలకు 22 పనిదినాలు, రోజుకు 4 గంటలు, మొత్తం 88. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే నెలకు 11 రోజులు ఊరికే పనిచేసినట్టు. 11 నెలలకు 968 గంటలు. అంటే 40 రోజులు రాత్రీ పగలూ దిగకుండా రైల్లోనే కూర్చున్నట్టు.

ఖాళీ_పర్సు
పంతులు గారూ, కూర్చున్నట్టు అని మీరే అనుకుంటున్నారు. నిలబడినట్టు.

పాతకాపు
పంతులు లెక్క బాగుంది కానీ మొదటి అడుగులోనే తప్పు. ఆ 100 ఇప్పుడు ఎక్కడుంది? ఆ ఉద్యోగం పోయింది కదా. పోల్చాల్సింది 60ని 100తో కాదు, సున్నాతో. ఆకలేసినవాడి ముందు నిన్నటి విందు గురించి మాట్లాడితే ఏం లాభం?

లెక్కల_పంతులు
@పాతకాపు ఒప్పుకుంటా, కానీ సున్నా కూడా సున్నా కాదు. ఇంట్లో ఉంటే రోజుకు 13 గంటలు చేతిలో ఉంటాయి. అందులో ఐదారు గంటలు గట్టిగా వెతికితే రెండు నెలల్లో 90 వచ్చే ఉద్యోగం దొరకొచ్చు. ఈ ఆఫర్ తీసుకుంటే ఆ వెతుకులాట ఆగిపోతుంది. దానికీ ఒక విలువ కట్టాలి.

పాతకాపు
ఏడు నెలలు వెతికితే దొరకనిది ఇంకో రెండు నెలల్లో దొరుకుతుందని మీకెవరు చెప్పారు?

మౌనిక_ఎస్
మీరిద్దరూ కొట్టుకునే ముందు అసలు విషయం అడగండి. రేపటి_సంగతి గారూ, దాచుకున్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది? ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తున్నారా? పిల్లలు ఉన్నారా? దీన్నిబట్టే మిగతాదంతా.

రేపటి_సంగతి
ముందుగా @ఖాళీ_పర్సు, బ్రో కాదు, అక్క.
ఆయన జీతంతో ఇంటి అద్దె, సరుకులు గడుస్తాయి. మిగతావాటికి నా పొదుపు తీస్తున్నాం, ఇంకో నాలుగు నెలలు వస్తుంది. పాప రెండో తరగతి. నేను చేరితే స్కూల్ అయ్యాక సాయంత్రం చూసుకోవడానికి ఎవరినైనా పెట్టాలి. దానికి నా కొత్త జీతంలో ఇంచుమించు ఎనిమిదో వంతు పోతుంది.

ఖాళీ_పర్సు
సారీ అక్కా. సలహా మాత్రం అదే.

లెక్కల_పంతులు
ఎనిమిదో వంతా! ఆ 54 కాస్తా 46 అయింది. 13తో భాగిస్తే మూడున్నర.

చెప్పుల_మీద_డైరీ
నేను రెండేళ్ళు ఇలాగే తిరిగాను, ఒక వైపే రెండు గంటలు పైన. కాంట్రాక్ట్ కాదు, పర్మనెంటే. పొద్దున నేను బయల్దేరేటప్పటికి మావాడు నిద్రలో, రాత్రి వచ్చేటప్పటికి మళ్ళీ నిద్రలో. వాడి స్కూల్ డైరీలో నేను సంతకం పెట్టాల్సిన రోజు, పేజీ తెరిచి, మధ్యలో పెన్ను పెట్టి, నా చెప్పుల మీద ఉంచి పడుకునేవాడు. నేను తప్పకుండా చూసే చోటు అదొక్కటేనని వాడే కనిపెట్టాడు. ఒకరోజు చీకట్లో చూసుకోకుండా దాన్ని తొక్కేశాను. ఆ వారంలోనే దగ్గరలో వెతకడం మొదలుపెట్టాను, దొరకడానికి మాత్రం ఇంకో ఏడు నెలలు పట్టింది. ఎందుకంటే వెతకడానికి టైమే లేదు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరు వెళ్తే ఇంట్లో ఏది జారిపోతుందో ముందే పేరు పెట్టి అనుకోండి. "ఎలాగోలా సర్దుకుంటాం" అనుకుంటే అదే జారిపోతుంది.

కిటికీ_సీటు
నాది వేరే కథ. నేను ఎక్కేది మొదటి స్టేషన్, కాబట్టి రోజూ సీటు ఖాయం. గంటా పది నిమిషాలు నన్ను ఎవరూ పిలవరు, ఎవరూ ఏమీ అడగరు. ఎస్‌క్యూఎల్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు రెండూ రైల్లోనే నేర్చుకున్నాను, తర్వాతి ఉద్యోగం వాటి వల్లే వచ్చింది. సీటు ఉన్న ప్రయాణం వేరు, నిలబడే ప్రయాణం వేరు, మూడు బండ్లు మారే ప్రయాణం వేరు. ముప్పావుగంట ఒకే బండిలో కూర్చోవడం కంటే అరగంటలో రెండు సార్లు దిగి ఎక్కడమే మనిషిని తినేస్తుంది. మీరు ఎక్కే చోట ఆ టైంకి సీటు దొరుకుతుందా?

రేపటి_సంగతి
తెలీదు. ఇంటర్వ్యూకి మధ్యాహ్నం వెళ్ళాను, అప్పుడు ఖాళీగానే ఉంది.

కిటికీ_సీటు
మధ్యాహ్నం చూసింది లెక్కలోకి రాదు. రేపే, మీరు రోజూ వెళ్ళాల్సిన టైంకే బయల్దేరి ఆఫీసు గేటు దాకా వెళ్ళండి. లోపలికి వెళ్ళక్కర్లేదు. సాయంత్రం ఆఫీసు వదిలే టైం దాకా అక్కడే ఎక్కడైనా గడిపి తిరిగి రండి. ఆదివారం చూసి చేరి ఏడ్చినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

జీతం_రాయుడు
అంతే కాదు, వాన పడిన రోజు ఎంత పడుతుందో అడుగు. ఆలస్యానికి జీతం కోసేది యావరేజ్ చూసి కాదు, ఆ ఒక్క చెడ్డ రోజు చూసి.

అర్ధరాత్రి_చదువరి
దీని మీద పరిశోధనలే ఉన్నాయి. డేనియల్ కానమన్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు 2004లో అచ్చువేసిన పరిశోధనలో టెక్సస్‌లో 909 మంది ఉద్యోగం చేసే ఆడవాళ్ళని, నిన్నటి రోజంతా ముక్కలు ముక్కలుగా గుర్తు చేసుకుని ఏ పని చేసేటప్పుడు మనసు ఎలా ఉందో రాయమన్నారు. పొద్దున ఆఫీసుకి వెళ్ళే ప్రయాణం లిస్టులో అట్టడుగున ఉంది, ఆఫీసు పని కంటే కూడా కింద. జర్మనీలో ఏళ్ళ తరబడి ఒకే మనుషులని అడుగుతూ వచ్చిన సర్వే లెక్కలు తీసుకుని స్టుట్జర్, ఫ్రై అని ఇద్దరు ఆర్థికవేత్తలు చూస్తే, ఎక్కువ దూరం ప్రయాణం చేసేవాళ్ళకి జీవితం మీద సంతృప్తి తక్కువగానే ఉంది. దూరానికి తగ్గ జీతమో, మంచి ఇల్లో ఆ నష్టాన్ని పూడ్చాలి కదా అని వాళ్ళ అనుమానం. పూడ్చడం లేదు.

ఖాళీ_పర్సు
రైలెక్కితే మనసు బాగోదని కనిపెట్టడానికి 909 మందిని అడగాలా? మా ప్లాట్‌ఫామ్ మీద ఒక్కడిని అడిగితే సరిపోయేది.

పాతకాపు
@అర్ధరాత్రి_చదువరి ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళ సంతృప్తి ఎంతో కూడా చెప్పండి మరి.

అర్ధరాత్రి_చదువరి
అది కూడా తక్కువే. అదీ బాగా తక్కువ. మీరు అడిగింది న్యాయమే.

హక్కుల_గొంతు
ప్రయాణం టైం కూడా పని టైమే అని యూరప్‌లో కోర్టు తీర్పు ఉంది, 2015లో. ఆ నాలుగు గంటలకీ డబ్బు అడగాలి మనం.

మౌనిక_ఎస్
ఆ తీర్పు వీళ్ళలాంటి వాళ్ళకి కాదండీ. ఫిక్స్‌డ్ ఆఫీసు లేకుండా ఇంటి నుంచి నేరుగా కస్టమర్ల దగ్గరికి వెళ్ళే టెక్నీషియన్ల కేసు అది. వాళ్ళు ఇంటి నుంచి మొదటి కస్టమర్ దగ్గరికి, చివరి కస్టమర్ దగ్గర నుంచి ఇంటికి వెళ్ళే టైం పని గంటల్లోకి వస్తుందన్నారు. ఆ టైంకి ఎంత ఇవ్వాలి అనేది కూడా అందులో తేల్చలేదు. రోజూ ఒకే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి వర్తించదు.

హక్కుల_గొంతు
సరే, అడగడంలో తప్పు లేదుగా.

ఏజెన్సీ_బాధితుడు
అందరూ ప్రయాణం చుట్టూ తిరుగుతున్నారు, నాకు భయం వేస్తున్నది "మధ్యలో ఒక ఏజెన్సీ" అన్న మాట దగ్గర. నా అనుభవం చెప్తా. నాదీ అలాంటిదే, ఏడాది కాంట్రాక్ట్. కాగితం పూర్తిగా చదవలేదు, సంతకం చేసే చోటు చూశానంతే. మూడో నెలలో క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేశాడు. ఏజెన్సీ వాళ్ళు వారం నోటీసు ఇచ్చి పంపేశారు. అది కాగితంలో ఉంది. రెండో నెల జీతం కూడా చేతికి రాలేదు, అదీ కాగితంలో ఉంది: క్లయింట్ నుంచి తమకు డబ్బు అందిన తర్వాతే చెల్లిస్తారట. క్లయింట్ తొంభై రోజులకు ఇచ్చాడు. నేను తొంభై రోజులు ఆగాను. ఈలోపు ఇంటి అద్దె ఆగదు కదా.

అక్కా, మీ కాంట్రాక్ట్‌లో ఈ మూడు చూడండి, ఇప్పుడే. జీతం ఏ తారీఖున, దేని మీద ఆధారపడి వస్తుంది. వాళ్ళు తీసేయాలంటే ఎన్ని రోజుల నోటీసు. మీరు వదిలేయాలంటే ఎన్ని రోజుల నోటీసు.

రేపటి_సంగతి
డ్రాఫ్ట్ పంపారు, 14 పేజీలు. ఇప్పుడే కూర్చుని చదివాను. జీతం వచ్చే నెల ఏడో తారీఖు, క్లయింట్ గురించి ఏమీ లేదు. వాళ్ళు తీసేయాలంటే 15 రోజులు. నేను మానేయాలంటే 60 రోజులు, లేదంటే ఆ 60 రోజుల జీతం నేనే కట్టాలి. ఇది పదకొండో పేజీలో ఉంది. మీరు అడగకపోతే నేను చూసేదాన్నే కాదు.

ఏజెన్సీ_బాధితుడు
అదిగో. అదీ అసలు సంగతి.

మౌనిక_ఎస్
ఇది మామూలు విషయం కాదు, ప్రయాణం కంటే పెద్దది. మీ ప్లాన్ ఏంటి? "ముందు చేరు, తర్వాత చూద్దాం" కదా. ఆ తర్వాత చూసేది ఎలా? మంచి ఆఫర్ వచ్చినా కాంట్రాక్ట్ మనిషి కోసం 60 రోజులు ఆగే కంపెనీ అరుదు. వాళ్ళకి రెండు మూడు వారాల్లో మనిషి కావాలి. అంటే లోపలికి వెళ్ళే తలుపు తీసే ఉంది, బయటికి వచ్చే తలుపుకి తాళం. తక్కువ జీతమైనా, దూరమైనా, కావాలనుకున్నప్పుడు వదిలేయగలిగితే అది మెట్టు. వదల్లేకపోతే అది గొయ్యి. నేనైతే జీతం పెంచమని అడగను, ఎలాగూ పెంచరు. ఆ 60ని 15 చేయమని అడుగుతాను. వాళ్ళకి ఎన్ని రోజులో నాకూ అన్ని రోజులే. ఇందులో వాళ్ళకి ఖర్చు ఏమీ లేదు కాబట్టి ఒప్పుకోవచ్చు.

జీతం_రాయుడు
ఇన్ని పోస్టుల్లో నాకు నచ్చిన పోస్ట్ ఇదే. కానీ జీతం కూడా అడగాలి. అడిగితే పోయేదేముంది?

లెక్కల_పంతులు
అడిగేటప్పుడు వారానికి ఒకరోజు ఇంటి నుంచి పని కూడా అడుగు. ఒక్క రోజు ఇచ్చినా 4 గంటలు మిగిలాయి, అంటే వారం ప్రయాణంలో ఐదో వంతు. జీతం పెంచకుండా గంట లెక్క పెంచే దారి అదొక్కటే.

ఏజెన్సీ_బాధితుడు
కాగితం మీద రాయించుకోండి. "మీరు రండి, తర్వాత చూసుకుందాం మేడం" అంటే లేదని అర్థం.

నిద్రపోయిన_ప్రయాణికుడు
మధ్యలో దూరుతున్నా. నేను తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నిద్రపోయి ఇప్పటికి నాలుగు సార్లు చివరి స్టేషన్‌లో లేచాను. ఒకసారి ఊడ్చే ఆయన చీపురుతో కాలి మీద తట్టి లేపాడు. ఇప్పుడు ఆయనకి నేను తెలుసు, నా స్టేషన్ పేరు కూడా తెలుసు, అయినా ఏం లాభం, ఆయన డ్యూటీ చివర్లోనే కదా. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, స్టేషన్‌కి ఐదు నిమిషాల ముందు.

ఖాళీ_పర్సు
ఈ ఫోరంలో ఇప్పటిదాకా వచ్చిన సలహాల్లో పక్కాగా పనికొచ్చేది ఇదే.

చెప్పుల_మీద_డైరీ
ఇంటర్వ్యూలకి టైం ఎలా అనేది కూడా ఇప్పుడే ఆలోచించండి. పొద్దున ఏడింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి వస్తే, మధ్యలో ఎవరైనా "రేపు పదకొండింటికి కాల్ మాట్లాడదామా" అంటే మీరు ఏం చేస్తారు? సెలవు పెడితే జీతం కట్. నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి ఇంటర్వ్యూ ఇచ్చాను, ఎవరు దిగినా గొంతు తగ్గించేవాణ్ణి. అది దక్కలేదు, అది వేరే సంగతి.

రేపటి_సంగతి
నిన్న వెళ్ళొచ్చాను, @కిటికీ_సీటు చెప్పినట్టే. ఏడు గంటల ఐదు నిమిషాలకి ఇంటి తాళం వేశాను, గేటు దగ్గర నిలబడి టైం చూస్తే తొమ్మిదీ పన్నెండు. రెండు గంటల ఏడు నిమిషాలు. సీటు నాలుగు స్టేషన్ల తర్వాత దొరికింది. రైలు ఫర్వాలేదు. చంపింది బస్సు. ఇరవై నిమిషాలకి ఒకటి, మొదటిది నిండి ఆపకుండా పోయింది. తిరిగి వచ్చేటప్పుడు రెండు గంటలా ఇరవై. ఇంటికి వచ్చేసరికి పాప పడుకోలేదు, కానీ తినేసింది.

ఒక విషయం మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పలేదు. పొద్దున ఆ టైంకి చేతిలో బ్యాగ్‌తో ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే బాగుంది. ఏడు నెలల తర్వాత మొదటిసారి, ఎక్కడికో వెళ్తున్న మనిషిలా అనిపించింది. పంతులు గారి లెక్కలో దీనికి ఎన్ని పాళ్ళు వేయాలో తెలీదు.

లెక్కల_పంతులు
దీనికి నా దగ్గర లెక్క లేదమ్మా.

పాతకాపు
నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే!

జీతం_రాయుడు
ఒక్క రోజు కదా, బాగానే ఉంటుంది. నలభయ్యో రోజు చెప్పమను.

రేపటి_సంగతి
ఇవాళ ఏజెన్సీ ఆవిడతో మాట్లాడాను. జీతం: కుదరదు, బడ్జెట్ అంతే. ఇంటి నుంచి పని: "టీం లీడ్‌తో మీరే మాట్లాడుకోండి, రాసి ఇవ్వలేం." అంటే లేదనే అనుకుంటున్నా. ఆఫీసు టైం పదింటికి మార్చుకోవచ్చు అన్నారు, అది మెయిల్‌లో పెట్టారు. నోటీసు దగ్గర చాలాసేపు నసిగారు, "అందరికీ ఇదే ఫార్మాట్" అన్నారు. నాకు కూడా 15 రోజులే లేకపోతే సంతకం చేయను అని చెప్పి ఫోన్ పెట్టేశాను. చెయ్యి వణికింది. మూడు గంటల తర్వాత సవరించిన పదకొండో పేజీ పంపారు. ఇద్దరికీ 15 రోజులు.

చేరుతున్నాను. ఒకటో తారీఖు నుంచి. పొదుపు పూర్తిగా కరిగేదాకా ఆగే ధైర్యం నాకు లేదు. బుధవారం సాయంత్రాలు, శనివారం పొద్దున అప్లికేషన్లకి అని ఆయనా నేనూ అనుకున్నాం, ఆ టైంలో పాప ఆయన బాధ్యత.

జీతం_రాయుడు
నేను ఒప్పుకోను, కానీ ఆల్ ది బెస్ట్. ఇంటర్వ్యూల్లో పాత జీతం అడిగితే ఇది కాంట్రాక్ట్ అని చెప్పి, పర్మనెంట్ ఉద్యోగంలో వచ్చిన జీతం చెప్పండి. అబద్ధం కాదు అది.

ఏజెన్సీ_బాధితుడు
సవరించిన పేజీ మీద వాళ్ళ సంతకం కూడా ఉందా? లేకపోతే మళ్ళీ అడగండి.

రేపటి_సంగతి
లేదు! ఇప్పుడే మెయిల్ పెడుతున్నా.

కిటికీ_సీటు
మీరు దిగే స్టేషన్‌లో మెట్లు ముందు వైపా, వెనక వైపా? బోగీ సరిగ్గా చూసుకుని ఎక్కితే జనం కంటే ముందు మెట్లెక్కి ఆ మొదటి బస్సు పట్టుకోవచ్చు.

రేపటి_సంగతి
వెనక వైపు. నేను ముందు బోగీలో ఎక్కాను.